బళ్లో నీలా, ఇంట్లో పైడితల్లి

ఇండియానా
సెప్టెంబరు 14, 2025, ఆదివారం

మావయ్యకి,

మూర్తి రాస్తున్నాను. నీకు ఫోనులో మాట వినపడదు కాబట్టి ఎప్పటిలాగే కాగితం మీద రాసి, ఫొటో తీసి, మీ మేడ కింద ఫోన్ల కొట్టు సూర్యప్రకాష్‌కి పంపుతున్నాను. పెద్ద అక్షరాలుగా తీసి ఇవ్వమన్నాను. ఇస్తున్నాడా?

ఈసారి కబుర్లు తక్కువ. ఒక మాట నీ నోట రావాలి. అమ్మ పోయాక మాకు పెద్ద దిక్కు నువ్వే. మేనమావ సరేనంటేనే మన ఇళ్లలో ఏ పనైనా.

సంగతి నువ్వు పేరు పెట్టిన పిల్లది. పైడితల్లి ఈ ఏడు పెద్ద బడిలో చేరింది కదా. గురువారం తల్లిదండ్రుల్ని రమ్మన్నారు. మణిమాలకి డ్యూటీ ఉండి నేనొక్కణ్ణే వెళ్లాను. గుమ్మంలోనే పంతులమ్మ నవ్వుతూ చెయ్యి చాచి, "మీరు నీలా నాన్నగారా?" అంది. కాదండీ, పైడితల్లి నాన్నని అన్నాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది. గోడమీద నా కూతురు వేసిన బొమ్మ ఉంది, కింద నీలా అని ఉంది. పుస్తకాల మీద నీలా. తోటి పిల్లలందరికీ నీలా. ఎవరు మార్చారంటే, పిల్లే అడిగిందట. మాకెందుకు చెప్పలేదంటే, "పిల్లలు ఏ పేరుతో పిలవమంటే ఆ పేరుతో పిలుస్తాం. కారణం అడగం. ఇంటికి చెప్పం. మా పద్ధతి అది" అంది.

మావయ్యా, వేర్‌హౌసుకి వెళ్లేటప్పుడు కారులో నేను ఒకాయన ప్రసంగం వింటాను. రెండేళ్లుగా ఆయన మొత్తుకుంటున్నది ఇదే. ఈ దేశంలో బళ్లు పిల్లల్ని కన్నవాళ్ల చేతుల్లోంచి లాక్కుంటున్నాయని, పేరు మారుస్తారని, ఆడపిల్ల మగపిల్లాడినంటే ఔనని రాసుకుంటారని, ఇంట్లో తెలియకుండా దాస్తారని. ఆదివారాలు మన బర్మా తెలుగువాళ్లంతా ఫోనులో కలిసినప్పుడు నేను పావుగంట చెప్పేవీ ఇవే. పరాయి ఇళ్ల గురించి చెబుతున్నాననుకున్నాను.

పిల్లని బడి మాన్పించేస్తాను. అక్టోబరు పద్నాలుగున బడి బోర్డు వాళ్లు జనం ముందు కూచుంటారు. మైకు ముందు నిలబడి అందరినీ కడిగి వదులుతాను. మణిమాల నాతో మాటలు మానేసింది. "పిల్ల చదువు పాడు సెయ్యకు" అని ఆఖరిమాటగా అని ఊరుకుంది. నువ్వు సరేనంటే అదీ సరేనంటుంది.

నీ మాట కోసం చూస్తూ,
మూర్తి


తామ్వే, రంగూను
సెప్టెంబరు 18

అల్లుడికి,

నీ ఉత్తరం అందింది. అక్షరాలు పెద్దవిగానే ఉన్నాయి. ఇక్కడ వాన ఇంకా వదల్లేదు. కరెంటు వచ్చినప్పుడు అన్నం వండుకుంటున్నాను. నేను బాగానే ఉన్నాను.

పన్నెండేళ్ల పిల్లకి పెళ్లేమిటిరా?

ఆడపిల్లని బడి మాన్పించడమంటే నాకు తెలిసింది అదొక్కటే. ట్వంటే దగ్గర మా పల్లెలో మీ అమ్మని నాలుగో తరగతిలో మాన్పించారు. అదే నెలలో పసుపు దంచారు. అక్క తన పలకని బియ్యం కుండలో దాచుకుంది. మీ నాన్న మంచివాడు, అది వేరే సంగతి. ఇప్పుడు అబ్బాయి ఎవరు? అమెరికాలో కూడా చేస్తున్నారా ఇలాగ?

మైకు సంగతి చదివి నాకు అన్నం సయించలేదు. పైవాళ్ల మీద మైకులో మాట్లాడతావా? ఇక్కడ మేం అలాంటి మాట మేడమెట్ల మీద కూడా అనం. నీకు పెళ్లాం ఉంది, పిల్ల ఉంది. వద్దు.

రెండో పేరులో తప్పు నాకు కనపడలేదు. బళ్లో నువ్వు చో థూవి కాదా? నిన్ను చేర్చింది నేనే. పెద్ద పంతులమ్మ తల ఎత్తకుండా "ఏ వారం పుట్టాడు?" అంది. సోమవారం అన్నాను. వాళ్ల లెక్కలో సోమవారం పుట్టినవాడికి పెట్టే బర్మా పేరొకటి చూసి రాసేసింది. నీళ్లు తాగినంత సేపు పట్టలేదు. ఇంటికొచ్చి చెబితే మీ అమ్మ, "ఓలమ్మో, నా కొడుకు బర్మావోడైపోనాడు" అని నవ్వింది. మనవాళ్లలో అందరికీ ఉంది. నాకూ ఉంది. ఆ పేరుతో పిలిచేవాళ్లు ఇప్పుడెవరూ లేరు.

నీలా బాగుంది. ఇక్కడి వాళ్లలోనూ ఉంది, మనలోనూ ఉంది.

పెళ్లి మాత్రం ఆపు.

మావయ్య అచ్చెన్న


ఇండియానా
సెప్టెంబరు 21

మావయ్యా,

పెళ్లి కాదు! నీ ఉత్తరం చదివి మణిమాల నవ్వింది. నవ్వాక నా మీద కోపం గుర్తొచ్చి మళ్లీ మూతి ముడిచింది. బడి మాన్పించి ఇంట్లోనే బడి పెడతానంటున్నాను. ఇక్కడ అది చట్టానికి ఒప్పిన పనే. పుస్తకాలు తెప్పించి ఇంట్లో చెప్పుకోవచ్చు. ఎన్నో కుటుంబాలు అలా చేస్తున్నాయి.

మైకు గురించి నీకు భయం వద్దు. ఇక్కడ ఎవరైనా మాట్లాడవచ్చు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. పోలీసు ఉంటాడు గాని, ముసలివాళ్లకి తలుపు తీసి పట్టుకోవడానికి ఉంటాడు. నేను ఈ దేశాన్ని నెత్తిన పెట్టుకునేది ఇందుకే. మా పక్కింటాయన రోజూ పొద్దున్న వాకిట్లో జెండా ఎగరేస్తాడు. పిల్లలు పెద్దవాళ్లని "సర్" అనకపోతే ఆయన ఇంట్లో అన్నం లేదు. వారం వారం గుడికి వెళ్లినట్టు చర్చికి వెళతారు. ఆ ఇంటికీ మన ఇంటికీ నాకు తేడా కనపడదు. దేవుడు, పెద్దలు, ఒళ్లు వంచి పని చెయ్యడం. ఈ దేశాన్ని కట్టినవి అవి. ఇప్పుడు బళ్లో అవి చెప్పరు. లెక్క తప్పు చేసిన పిల్లకి తప్పని చెబితే మనసు నొచ్చుకుంటుందట, అందుకని మార్కులు వేసి పై తరగతికి తోసేస్తారు. ఫోను పట్టుకుని కూచుంటే అదీ స్వేచ్ఛేనట. ఇవి నాకు అన్నం పెట్టిన దేశం మీద కోపంతో అనడం లేదు. అన్నం పెట్టిన దేశం కాబట్టే అంటున్నాను.

చో థూ అని రాశావు. నీకు కోపం రాకపోతే ఒకటి చెబుతాను. ఆ పేరు నేను అడగలేదు. ఆ పేరుతోనే విమానం ఎక్కాను, దిగాను, ఎనిమిదేళ్లు బతికాను. ఇక్కడ పౌరుణ్ణయిన రోజున జడ్జిగారు "పేరు ఏమైనా మార్చుకుంటావా?" అని అడిగారు. మూర్తి అని చెప్పాను. ఈ దేశం నాకు నా పేరు తిరిగి ఇచ్చింది మావయ్యా. అదే దేశంలో నా కూతురి పేరు నాకు తెలియకుండా తీసేస్తే ఊరుకోమంటావా?

సరేనని ఒక్క మాట రాయి.

మూర్తి


తామ్వే
సెప్టెంబరు 27

అల్లుడికి,

పెళ్లి కాదని తెలిసి రామ మందిరంలో కొబ్బరికాయ కొట్టాను. కుళ్లలేదు.

పేరు మార్చుకున్న సంగతి నువ్వు ఎప్పుడూ చెప్పలేదు. ఇక ఆ పేరు అనను.

నువ్వు రాసింది సూర్యప్రకాష్‌కి చదివి వినిపించాను. మార్కుల మాట నిజమే, ఇక్కడా అంతే అన్నాడు. పిల్లల చేతుల్లో ఫోన్లు ఉండటం మంచిది కాదని కూడా ఒప్పుకున్నాడు. ఒప్పుకుని ఒక ఫోను అమ్మాడు.

పంతులమ్మ ఇంటికి చెప్పకపోవడం తప్పే. పిల్ల అడిగితే పిలవనీ, కాని కన్నవాళ్లకి ఒక కబురు చెయ్యాలి. నీ ప్రసంగమాయన ఆ మాట అంటే సబబైన మాటే.

ఇంట్లో బడి నాకు అర్థం కాలేదు. నువ్వు పగలంతా వేర్‌హౌసులో. మణిమాల సూపర్ మార్కెట్లో చేపముక్కలు కోసి అన్నంలో చుడుతుంది. ఇంట్లో ఎవరున్నారు? పిల్ల గోడకి పాఠం అప్పచెబుతుందా?

ఇంకొకటి అడుగుతాను. ఎందుకు నీలా అయిందో నువ్వు పంతులమ్మని అడిగావు, పక్కింటాయన్ని అడిగే ఉంటావు, నన్ను అడిగావు. పిల్లని అడిగావా?

దసరా వస్తోంది. మందిరంలో పందిరి కట్టడానికి మనుషులు తక్కువ. నేను తాడు పట్టుకుంటున్నాను.

మావయ్య


ఇండియానా
అక్టోబరు 5

మావయ్యా,

అడగలేదు.

గురువారం అడుగుదామని గదిలోకి వెళ్లాను. పిల్ల బల్ల ముందు కూచుని ఏదో రాసుకుంటోంది. తల ఎత్తి "ఏటి నాన్నా?" అంది. అన్నం తిన్నావా అని అడిగి వచ్చేశాను. నాకు భయం మావయ్యా. ప్రసంగంలో విన్నవన్నీ గుర్తొస్తాయి. "నేను నువ్వనుకునే పిల్లని కాను" అంటే నేనేమైపోవాలి? ఇంట్లో పిల్లని కేకలేసేది మణిమాలే, "ఒసే" అని మొదలుపెట్టి "పిల్లా" అని ముగిస్తుంది. నేను ఈ రోజుకీ ఒక్క కేక వెయ్యలేదు. డ్యూటీనుంచి వచ్చేసరికి పిల్ల పడుకుని ఉండేది. ఇప్పుడు మాట్లాడదామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు.

మాన్పించే కాగితాలు తెచ్చాను. పదిహేనో తారీకున ఇచ్చేస్తాను. ముందురోజు మీటింగుకి పిల్లని కూడా తీసుకెళ్లి మొదటి వరసలో కూచోబెడతాను. ఎవరి పిల్లో అందరూ చూడాలి.

నీ మాట ఈలోగా రాకపోతే సరేనన్నట్టే అనుకుంటాను.

మూర్తి


తామ్వే
అక్టోబరు 8

అల్లుడికి,

నా మాట ఇది. వద్దు. బడి మాన్పించకు.

పిల్ల ఏ పేరు చెప్పుకున్నా, ఇంకేం చెప్పినా, నీ పిల్లే. ముందు అడుగు. అడగడానికి భయమైతే మణిమాలని పక్కన కూచోబెట్టుకో.

నాకు ఇంతకంటే రాయడం రాదు. మనసులో చాలా ఉంది.

మావయ్య

మరిచాను: వీధిలో ఇంటర్నెట్ లైను పోయింది. సూర్యప్రకాష్ రేపు పంపుతానంటున్నాడు.

పదకొండో తారీకు. ఇంకా లైను రాలేదు. నా మాట రాకపోతే సరేనన్నట్టే అని రాశావు. నేను సరేననలేదు.

పదమూడో తారీకు. బస్సెక్కి చౌక్తడా వెళుతున్నాను. నేను ప్యూనుగా చేసిన లాయరుగారి ఆఫీసులో ఇది పంపమని అడుగుతాను. ఇప్పుడు అక్కడ నన్నెరిగినవాళ్లు లేరు. అడగడం నాకు చేతకాదని నీకు తెలుసు. ఎలాగో అడుగుతాను.


ఇండియానా
అక్టోబరు 15

మావయ్యా,

ముందుగా, నేను జైల్లో లేను. పిల్ల పొద్దున్న బడికి వెళ్లింది. ఇక స్థిమితంగా చదువు.

నీ ఉత్తరం నిన్న మీటింగు అయిపోయి కారెక్కాక చూశాను. ఎవరి నంబరు నుంచో వచ్చింది. ఎవరినో అడిగి పంపించావన్నమాట.

జరిగింది చెబుతాను. బోర్డు వాళ్లు బల్ల వెనక వరసగా కూచున్నారు. ముందు ఒకావిడ బడి బస్సుల గురించి, ఒకాయన పిల్లలకి పోసే పాల గురించి మాట్లాడారు. తర్వాత నన్ను పిలిచారు. పిల్ల మొదటి వరసలో, పక్కన మణిమాల. రాసుకెళ్లిన కాగితం మొదట్లో బాగానే నడిచింది. ఒక పెట్టెతో వచ్చానని, ఈ దేశం నా పేరు నాకిచ్చిందని చెప్పాను. అక్కడితో ఆగవలసింది. నాకు ఆవేశం వచ్చేసింది. కాగితం వదిలేసి పిల్ల వైపు వేలు చూపించి గట్టిగా అరిచాను. "ఈ పిల్ల నీలా కాదు! నీ పేరేమిటి? చెప్పు వాళ్లకి! పైడితల్లి! ఏం, పైడితల్లీ, నోరు పడిపోయిందా?"

మైకులో హాలంతా మోగింది.

పిల్ల లేచి నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. కళ్లు గట్టిగా మూసుకుని, చేతులు అడ్డంగా తిప్పి, రెండు చెంపలూ టపటపా వాయించుకుంది. "తప్పు తల్లీ. నాన్నకి తెలీదు తల్లీ. తప్పు తల్లీ."

అక్కడ ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. బల్ల వెనకావిడ "పాపకి ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది. నాకు మాత్రం అర్థమైంది. అమ్మవారి పేరు పెట్టిన పిల్లని ఆ పేరుతో తిట్టకూడదని అమ్మ ఎన్నిసార్లు చెప్పింది మావయ్యా! నేను ఎప్పుడూ తిట్టలేదు కాబట్టి నాకెప్పుడూ గుర్తు రాలేదు. నా చేతులు వాటంతట అవే లేచాయి. మైకు ముందు, బోర్డు ముందు, ఊరి ముందు నేనూ చెంపలు వేసుకున్నాను. బల్ల వెనక ఒకాయన అది కూడా కాగితం మీద రాసుకున్నాడు.

అప్పుడు అడిగాను. అందరి ముందే, మైకులోనే, మన మాటల్లో. "బళ్లో పేరు మార్చింది అందుకేనా తల్లీ?"

"మరేటి? చిన్న స్కూల్లో టీచర్లు మెల్లగా పిలిచేవోరు. ఇక్కడ ఆటల మాష్టరు ఈలేసి, పేరెట్టి అరుస్తాడు. అందరి మీదా అరుస్తాడు. అమ్మోరి మీద అరవనిస్తానేటి? తాత సెప్పినాడు కదా."

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు కదా."

నా టైములో కొంచెం మిగిలింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, వాళ్ల భాషలో చెప్పాను. "పంతులమ్మని నిందించడానికి వచ్చాను. మా అమ్మాయి మీ బళ్లో మా దేవత మర్యాద కాపాడుతోంది. ఎందుకని మీరు అడగలేదు, నేనూ అడగలేదు. ఇకమీద ఏ పిల్లయినా వేరే పేరు అడిగితే ఆ ఇంటికి ఒక కబురు చెయ్యండి. ఇంతే నా కోరిక." చప్పట్లు కొట్టారు. మొదటినుంచీ నన్ను గుర్రుగా చూసినవాళ్లు కూడా కొట్టారు. ఆలోచిస్తామని బల్ల వెనకావిడ అంది. బయట పంతులమ్మ వచ్చి, మీ ఇంటికి ఆరోజే ఒక మాట చెబితే పోయేదని అంది. ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి. నావీ అంతే.

ప్రసంగం వినడం మానలేదు మావయ్యా. కన్నవాళ్లకి చెప్పి తీరాలన్న మాట ఆయన దగ్గర నేర్చుకున్నదే, అది వదలను. నా కూతురి గురించి మాత్రం ఆయన్ని అడగను. మాన్పించే కాగితాల వెనక మణిమాల కిరాణా సరుకులు రాసుకుంది.

మూర్తి


తామ్వే
అక్టోబరు 21

అల్లుడికి,

సూర్యప్రకాష్ కొట్టు వదిలేసి మెట్లెక్కి వచ్చాడు. "తాతా, జైల్లో లేడు!" అని నా చెవిలో అరిచాడు. మేడంతా విన్నారు. పక్కవాటా బర్మావిడ డా మ్యాకి తెలుగు రాదు. ఆవిడా సంతోషించింది.

ఆ రాత్రి నిద్ర పట్టింది.

పిల్లకి చెప్పింది నేనే. మీరు మమ్మల్ని చూడటానికి ఇక్కడికి వచ్చిన ఏడు, పిల్లకి ఆరేళ్లు. దేవుడి దగ్గర నూనె గిన్నె తన్నేసింది. నేను "ఒసే పైడితల్లీ, కళ్లు కనపడవా?" అన్నాను. మీ అమ్మ వంటింట్లోంచి గరిటతో వచ్చింది.

"ఏట్రా అచ్చిగా, అమ్మోరికి కళ్లు కనపడవేటి?"

"పిల్లనన్నానే అప్పా" అన్నాను అక్కతో.

"పేరెవలిదిరా?"

చెంపలు వేసుకున్నాను. పిల్లకి అదో ఆట, తనూ వేసుకుంది. తర్వాత నా పక్కన చేరి, "తాతా, స్కూల్లో టీచరు అరిస్తే?" అంది. "ఆలకేటి తెలుస్తాదే. ఆడ ఇంకో పేరు సెప్పీ" అన్నాను. గరిట నుంచి తప్పించుకోవాలని ఏదో అన్నాను. నేను మరిచిపోయాను. పిల్ల ఇన్నాళ్లు దాచుకుంది. అది తలుచుకుంటే నాకు ఏదోలా ఉంది. బాగానే ఉంది.

ఇంటికి కబురు చెయ్యమని అడిగావు చూడు. అరవడం కంటే అది బాగుంది. నా చెవిటి చెవులకి కూడా వినపడింది.

నీలా అనే పేరు తీసెయ్యకు. ఇంట్లో కూడా ఉంచు. తండ్రన్నాక ఎప్పుడో ఒకప్పుడు పిల్లని కేకలెయ్యాలి. పంతుళ్లకి ఉన్న వీలు నీకు లేకపోతే ఎలా?

దీపావళికి ముఖ్యమైన దీపాలే పెట్టాను. నూనె జాగ్రత్తగా పోశాను.

మావయ్య


ఇండియానా
నవంబరు 2

మావయ్యా,

మొన్న పంతులమ్మ ఇంటికి ఫోను చేసింది. "మీ అమ్మాయిని నీలా అని పిలవడం మీకు సమ్మతమేనా? అడగడం ఆలస్యమైంది" అంది. సమ్మతమేనన్నాను. ఇక నుంచి అందరి ఇళ్లకీ అలా అడుగుతారట. ఇవాళ్టి పావుగంటలో మనవాళ్లకి ఇదే చెప్పాను. కొందరు ఇంకా గట్టిగా తిట్టవలసింది అన్నారు. ఏ పేరుతో తిట్టమంటారని అడిగాను.

నువ్వు చెప్పిన వీలు కూడా వాడాను. పిల్ల లెక్కలు వదిలేసి ఫోను పట్టుకుంటే, "నీలా! ఏమిటది?" అని కేక వేశాను. నా మొదటి కేక. పిల్ల ఉలిక్కిపడి లేచి, నా ముఖం చూసి, పడీ పడీ నవ్వింది. మణిమాల కూడా. నాకు ఇంకా అలవాటు కావాలి.

శుక్రవారం డ్యూటీ తొందరగా అయిపోతే పిల్లని తీసుకురావడానికి బడికి వెళ్లాను. ఆటలు ఇంకా అవలేదు. కంచె ఇవతల నిలబడ్డాను. ఆటల మాష్టరు మైదానం అవతలనుంచి ఈల వేసి, గొంతు పగిలేలా అరుస్తున్నాడు. "నీలా! నిద్రపోతున్నావా? నీలా, కాళ్లున్నాయా లేవా?"

ఎంత హాయిగా ఉందో మావయ్యా, ఇంకాసేపు అరిస్తే బాగుండుననిపించింది.

మూర్తి